ఆ నలభై రూపాయలు ఎక్కడ పోయాయి?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది పర్లాకిమిడి దగ్గర ఒక పల్లె. ప్లస్ త్రీ (డిగ్రీ) కామర్స్ చదివాను. ఏడాదిగా ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో లెక్కలు రాస్తున్నాను. 14 మంది పనివాళ్ళు. మస్తరు పుస్తకంలో వచ్చిన టైము, వెళ్ళిన టైము రాసుకుని శనివారం సాయంత్రం బట్వాడా చేస్తాం. ఫోన్లో వీడియోలు చూసి పైథాన్ అనే కంప్యూటర్ భాష కొంచెం నేర్చుకున్నాను. గంటలూ కూలీ లెక్కగట్టడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాసి రెండు నెలలుగా వాడుతున్నాను. గంటకు 60 రూపాయలు. 8 గంటలు దాటితే ఓటీకి రెట్టింపు. తిండి గంటకు కూలి లేదు. మొన్న ధాన్యం ఎండబోసే ఆమె ఒకరు ఉదయం 8.00కి వచ్చి సాయంత్రం 5.50కి వెళ్ళారు. ప్రోగ్రాంలో 8.00, 17.50 అని కొడితే 540 వచ్చింది. ఆమె చదువుకోలేదు, వేళ్ళ మీద లెక్కపెట్టి 580 రావాలంటున్నారు. బాయిలర్ దగ్గర రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఉండే ఆయనకైతే మైనస్ 17 గంటలు చూపిస్తోంది. ఆయనది నేను చేత్తోనే లెక్కగడుతున్నాను. ఇంకొకటి, పది నిమిషాలు ఆలస్యమైతే అరగంట కోయమని మా ఓనరుగారు చెప్పారు. అది ప్రోగ్రాంలో ఎలా పెట్టాలో తెలియడం లేదు. శనివారం వస్తోందంటే టెన్షన్‌గా ఉంటోంది. దారి చెప్పగలరు.
పేరు వద్దన్న పాఠకురాలు, గజపతి జిల్లా, ఒడిశా

సమాధానం: అమ్మా, ముందు ఆ 40 రూపాయల సంగతి తేల్చేద్దాం. ఆమె లెక్కే సరి. 580 రావాలి.

ఆమె ఎలా లెక్కపెట్టి ఉంటారో చెప్పగలను. ఎనిమిదికి వచ్చాను, సాయంత్రం అయిదుకి తొమ్మిది గంటలు. తిండి గంట తీసేస్తే ఎనిమిది. అక్కడితో రోజు కూలి 480 నిండింది. అయిదు నుంచి అయిదూ యాభై దాకా యాభై నిమిషాలు ఓటీ. ఓటీ గంటకు 120 అంటే నిమిషానికి రెండు రూపాయలు. యాభై రెళ్ళు వంద. మొత్తం 580. ఇందులో ఎక్కడా తడబాటు లేదు.

మా అమ్మ జీడిపిక్కల బట్టీలో పనిచేసేది. వీధి గుమ్మం పక్కన గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. రోజంతా పనైతే నిలువు గీత, ఒక పూటే అయితే సగం గీత, నాగా అయితే చుక్క. బట్వాడా ముందు రోజు రాత్రి దీపం పట్టుకుని ఆ గోడ ముందు నిలబడి, ఒక్కో గీత మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ కూడుకునేది. సంక్రాంతికి ఇంటికి సున్నం వేసినా ఆ మూల మాత్రం వేయనిచ్చేది కాదు. అమ్మకు అక్షరం రాదు. ఆమె లెక్క తప్పిన వారం ఒక్కటీ నాకు గుర్తులేదు. కాబట్టి చదువురాని మనిషి చెప్పిన అంకెకూ కంప్యూటర్ చెప్పిన అంకెకూ తేడా వస్తే నేను మొదట కంప్యూటర్‌నే అనుమానిస్తాను. మీరూ అలాగే చేయండి.

ఇప్పుడు మీ ప్రోగ్రాం ఏం చేసిందో చూద్దాం. 17.50లోంచి 8.00 తీసేసింది, 9.50 వచ్చింది. తిండి గంట తీస్తే 8.50. మీకూ నాకూ అది 8 గంటల 50 నిమిషాలు. కంప్యూటర్‌కు మాత్రం అది ఎనిమిదిన్నర. అందుకే ఓటీ అరగంటే అనుకుని 60 రూపాయలు వేసింది. 480కి 60 కలిపితే 540. ఆ 40 రూపాయలు పోయింది ఆ చుక్క దగ్గరే.

రూపాయలనూ గంటలనూ మనం ఒకేలా చుక్క పెట్టి రాస్తాం కదా, అక్కడే మోసపోతాం. రూపాయికి కూడా ఒకప్పుడు ఈ చిక్కు ఉండేది. 16 అణాలు రూపాయి, అణాకు నాలుగు పైసలు, అంటే రూపాయికి 64 పైసలు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు నయాపైసలు అయ్యాయి. అప్పటి నుంచి చుక్క పెట్టి రాసిన రూపాయల లెక్క సాఫీగా సాగిపోతోంది. గంటకు మాత్రం ఎవరూ నయా నిమిషాలు పెట్టలేదు. ఈనాటికీ అరవయ్యే. అందుకని గంటల లెక్కను రూపాయల లెక్కలా కట్టకూడదు.

ఈ తప్పు ఎప్పుడూ పనివాళ్ళకు నష్టంగానే వస్తుందనుకోకండి. 8.40కి వచ్చి 17.15కి వెళ్ళిన మనిషిని తీసుకోండి. మీ ప్రోగ్రాం తిండి గంట పోను 7.75 అంటుంది, 465 రూపాయలిస్తుంది. అసలు పని 7 గంటల 35 నిమిషాలు, రావాల్సింది 455. పది ఎక్కువ పోయింది. ఒకరికి తగ్గి, ఒకరికి పెరిగి, వారం మొత్తం చూస్తే ఇంచుమించు సరిపోయినట్టే కనిపిస్తుంది. ఓనరుగారు మొత్తమే చూస్తారు కాబట్టి తప్పు రెండు నెలలు బయటపడలేదు. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టి అడగబట్టి బయటపడింది. ఆమెకు మీరు నిజంగా రుణపడి ఉన్నారు.

చుక్కతో ఇంకో చిక్కు కూడా ఉంది. మస్తరులో ఎవరైనా తొందరలో 5.5 అని రాశారనుకోండి. అది అయిదూ అయిదా, అయిదూ యాభయ్యా? కంప్యూటర్‌కు అంకెలుగా 17.5, 17.50 రెండూ ఒకటే, చివరి సున్నాకు విలువ లేదు. అందుకని టైమును అంకెగా తీసుకోవద్దు, అక్షరాలుగానే తీసుకోండి. 17:50 అని మధ్యలో రెండు చుక్కలు పెట్టి కొట్టించండి. పైథాన్‌లో 'ఇన్‌పుట్' ఇచ్చేది ఎలాగూ అక్షరాల వరుసే. దాన్ని 'స్ప్లిట్' తో రెండు చుక్కల దగ్గర విడగొట్టి, రెండు ముక్కలనూ 'ఇంట్' తో పూర్ణాంకాలుగా మార్చండి. నిమిషాల ముక్క 59 దాటితే తీసుకోకుండా మళ్ళీ అడగాలి.

అక్కడి నుంచి అంతా నిమిషాల్లోనే నడపండి. పైథాన్ 3లో పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, తెలుసా? నేను జీతాల లెక్కలకు అలాగే పెడతాను, ఎందుకంటే ఆ లైను పక్కవాళ్ళకు చదివి వినిపించవచ్చు. ఇలా:

నిమిషాలు = గంట * 60 + నిమిషం

ఉదయం 8:00 అంటే 480. సాయంత్రం 17:50 అంటే 17 అరవైలు 1020, దానికి 50 కలిపితే 1070. తేడా 590. తిండి గంట 60 పోతే 530. అందులో మొదటి 480 మామూలు పని, మిగిలిన 50 ఓటీ. మళ్ళీ గంటలుగా చూపించాల్సింది చీటీ మీద ఒక్కచోటే. అక్కడ 530ని 60తో భాగిస్తే వచ్చే 8 గంటలు, శేషం 50 నిమిషాలు. భాగఫలానికి రెండు ఏటవాలు గీతలు (//), శేషానికి పర్సెంట్ గుర్తు (%) వాడతారని మీకు వీడియోల్లో చెప్పే ఉంటారు.

ఇక రాత్రి మనిషి. 6లోంచి 22 తీస్తే మైనస్ 16, విరామం గంట తీస్తే మైనస్ 17. అర్ధరాత్రి దాటగానే గడియారం సున్నా నుంచి మొదలవుతుందని ప్రోగ్రాంకు తెలియదు, మనం చెప్పాలి. రోజుకు 1440 నిమిషాలు కాబట్టి:

పని = (వెళ్ళిన - వచ్చిన) % 1440 - విరామం

360లోంచి 1320 తీస్తే మైనస్ 960. పైథాన్‌లో దాన్ని 1440తో భాగించి శేషం అడిగితే 480 ఇస్తుంది, అంటే 8 గంటలు. ఇది పైథాన్ పద్ధతి. సీ, జావాస్క్రిప్ట్ లాంటి వాటిలో ఇదే గుర్తు మైనస్ 960నే తిరిగి ఇస్తుంది. రేపు మరో భాషలో రాస్తే ముందుగా 1440 కలిపి ఆ తర్వాత శేషం తీయండి.

అయితే ఈ లైను ఎంత ఉపయోగమో అంత ప్రమాదం. ఆ ధాన్యం ఆమె టైమును 17:50 బదులు పొరపాటున 5:50 అని కొట్టారనుకోండి. ఇదివరకు మైనస్ వచ్చేది, మీరు ఉలిక్కిపడి చూసేవారు. ఇప్పుడు మైనస్ రాదు. ఆమె మర్నాడు తెల్లవారుజామున వెళ్ళిందనుకుని, విరామం పోను 20 గంటల 50 నిమిషాల పని వేసి, ఒక్క రోజుకు 2020 రూపాయలు చూపిస్తుంది. అందుకని పని 12 గంటలు దాటినా, సున్నా కంటే తగ్గినా ప్రోగ్రాం అక్కడే ఆగి "ఇది నిజమేనా?" అని అడిగేలా రాయండి. మీరు సరేనంటేనే ముందుకు పోవాలి.

బాయిలర్ ఆయన విషయంలో ఒకటి అడగాలి. ఆయనకు ఆ విరామం గంట నిజంగా దొరుకుతోందా? పగటివాళ్ళు క్యారేజీ విప్పుకుని చెట్టు కింద కూర్చుంటారు, ఆ గంట వాళ్ళది. రాత్రి బాయిలర్ దగ్గర ఒక్కడే ఉన్న మనిషి ఒక కన్ను మీటరు మీద పెట్టి అన్నం తింటుంటే అది విరామం ఎలా అవుతుంది? ఆయన లేచి బయటికి వెళ్ళలేడు కదా. అది పనే. ఇది ప్రోగ్రాం తేల్చే విషయం కాదు. ఓనరుగారితో మాట్లాడి, రాత్రి పనికి విరామం సున్నా అని కాగితం మీద రాయించుకుని, అప్పుడు ఆ గడిలో 0 పెట్టండి. ఆ రాత్రి 8 గంటలకు 480 రూపాయలు పూర్తిగా రావాలి.

రాత్రి పని గురించి నా అనుభవం కూడా చెప్పాలి. నేను మొట్టమొదట ఇలాంటి ప్రోగ్రాం రాసింది ఒక చిన్న కార్ఖానాకు. వారం ఆదివారంతో మొదలై శనివారంతో ముగిసేది. శనివారం రాత్రి షిఫ్టులో పనిచేసిన ఒక పెద్దాయన సోమవారం బట్వాడా తీసుకుని, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, "బాబూ, నా శనివారం రాత్రి ఏమైంది?" అన్నాడు. నా ప్రోగ్రాం వెళ్ళిన తేదీ చూసి వారం తేల్చేది. ఆయన వెళ్ళింది ఆదివారం ఉదయం కాబట్టి ఆ రాత్రిని వచ్చే వారంలో వేసింది. ఆయన చెల్లెలి ఊరు వెళ్ళాలట, ఆ డబ్బు చూసుకునే బస్సు ఛార్జీలు అనుకున్నాడట. వెంటనే సరిచేసి ఇప్పించాను కానీ ఆయన అడిగిన తీరు ఇప్పటికీ చెవిలో ఉంది. తర్వాత తెలిసింది, 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్‌లో ఈ మాట స్పష్టంగానే ఉండేది: షిఫ్టు అర్ధరాత్రి దాటితే, దాటాక చేసిన గంటలను ముందు రోజు లెక్కలోనే వేయాలి. కాబట్టి తేదీ ఎప్పుడూ వచ్చిన తేదీయే. వెళ్ళిన తేదీని చూడనే చూడకండి.

పది నిమిషాలకు అరగంట కోత సంగతి. దీన్ని ఎలా రాయాలని అడిగారు. రాయకండి అని నా సమాధానం. ఇది నా దయాగుణం కొద్దీ చెప్పేది కాదు. 2019 నాటి వేతనాల కోడ్ అనే చట్టం ప్రకారం, మనిషి పనిలో లేని సమయం ఎంతో కోత కూడా ఆ పాళ్ళలోనే ఉండాలి, అంతకు మించకూడదు. 2025 దాకా అమల్లో ఉన్న 1936 వేతనాల చెల్లింపు చట్టం 9వ సెక్షన్‌లోనూ అదే మాట ఉండేది. గంటకు 60 అంటే నిమిషానికి రూపాయి. పది నిమిషాలు ఆలస్యమైతే పది రూపాయలు తగ్గాలి, ముప్పై కాదు. ఎక్కువ కోసిన ఆ 20 రూపాయలు ఆ మనిషి చేసిన పనికి రావాల్సిన కూలి. పోనీ, పది నిమిషాలు ముందే వచ్చి వాకిలి ఊడ్చినవాళ్ళకు అరగంట కలుపుతున్నారా?

మీరు అక్కడ ఉద్యోగి, ఓనరుగారికి ఎదురు చెప్పడం కష్టమే. నాకు తెలుసు. గొడవగా వద్దు. "అయ్యా, ప్రోగ్రాం నిమిషాల లెక్క మీద నడుస్తోంది, ఎంత ఆలస్యమైతే అంత దానంతటదే తగ్గిపోతుంది, విడిగా కోత అక్కర్లేదు" అని చెప్పండి. అది అక్షరాలా నిజం కూడా. 8:10కి వచ్చినవాళ్ళకు పది నిమిషాలు దానంతటదే పోతుంది కదా. అప్పటికీ ఒప్పుకోకపోతే పైన చెప్పిన చట్టం మాట కాగితం మీద రాసి చూపించండి. రేపు కార్మిక శాఖవాళ్ళు రిజిస్టరు చూస్తే ఆ అరగంటల కోతలన్నీ ఓనరుగారి మెడకే చుట్టుకుంటాయి. ఆయన మేలు కోరే చెబుతున్నట్టు చెప్పండి, నిజంగా అది ఆయనకూ మేలే. కోత నోటిమాటగా నడిచినంత కాలం ఒక శనివారం మరిచిపోతారు, ఒక శనివారం జాలిపడి వదిలేస్తారు. ప్రోగ్రాంలో రాసేస్తే మరుపూ ఉండదు, జాలీ ఉండదు. ప్రతి వారం, ప్రతి మనిషికీ కోస్తూనే పోతుంది. ఒక అన్యాయాన్ని అలా కదలకుండా కూర్చోబెట్టే పని మీ చేత్తో జరగకూడదని నా కోరిక.

ఓటీకి మీ మిల్లులో 8 గంటలు దాటగానే రెట్టింపు ఇస్తున్నారు, మంచిదే. 2025 దాకా ఉన్న ఆ ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ రోజుకు 9 గంటలు గానీ వారానికి 48 గంటలు గానీ దాటితే రెట్టింపు అనేది. ఇందులో "వారానికి" అన్న మాట మీ ప్రోగ్రాంలో లేదనుకుంటాను. సీజన్లో ఆదివారం కూడా మిల్లు ఆడుతుంది కదా. ఏడు రోజులూ సరిగ్గా 8 గంటలే చేసిన మనిషికి రోజువారీ లెక్కలో ఓటీ ఒక్క నిమిషం కూడా రాదు. కానీ వారం మొత్తం 56 గంటలు, 48 పోను 8 గంటలు ఓటీ. కాబట్టి రోజువారీ ఓటీ తీసేశాక మిగిలిన మామూలు నిమిషాలను వారమంతా కూడండి, 2880 దాటినదాన్ని ఓటీలోకి మార్చండి. ఇలా చేస్తే ఒకే నిమిషం రెండుసార్లు ఓటీ కాదు.

డబ్బు దగ్గర కూడా చుక్కను నమ్మకండి. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపి చూడండి, 0.30000000000000004 అంటుంది. కంప్యూటర్ లోపల అంకెలను రెళ్ళ పద్ధతిలో దాచుకుంటుంది, పదోవంతు అందులో సరిగ్గా ఇమడదు. రేటును పైసల్లో పూర్ణాంకంగా పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. గంటకు 60 రూపాయలంటే 6000 పైసలు. వారం మొత్తానికి కూలి నిమిషాలు కూడుకుని, రేటుతో హెచ్చవేసి, భాగహారం ఆఖరున ఒక్కసారి చేయండి:

కూలినిమిషాలు = మామూలు + ఓటీ * 2
పైసలు = కూలినిమిషాలు * గంటరేటు // 60
రూపాయలు = (పైసలు + 99) // 100

ముందే భాగించేస్తే ఏమవుతుందో చూడండి. రోజుకు 500 అనుకుందాం. నిమిషానికి 1.0416 చిల్లర. ఎవరో దాన్ని 1.04 చేసి పెట్టుకుంటారు. 480 నిమిషాలకు 499.20 వస్తుంది. రోజుకు 80 పైసలు పోయింది, 26 పనిదినాలకు 20 రూపాయల 80 పైసలు. 14 మందికి కూడి చూడండి, చిన్నదేం కాదు. ముందు హెచ్చవేసి తర్వాత భాగిస్తే ఒక్క పైసా పోదు. పైన మూడో లైను చిల్లరను పై రూపాయికి తీసుకెళ్తుంది, అంటే సర్దుబాటు పనిచేసిన మనిషి వైపుకే. 'రౌండ్' వాడొద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. పైథాన్ 3లో 62.5ని రౌండ్ చేస్తే 63 కాదు, 62 వస్తుంది. సరిగ్గా సగం దగ్గర అది సరిసంఖ్య వైపు మొగ్గుతుంది. దానికి కారణాలున్నాయి గానీ బట్వాడా బల్ల దగ్గర నిలబడ్డ మనిషికి అవి చెప్పలేం.

రేటును ప్రోగ్రాం మధ్యలో 60 అని రాసి పాతేయకండి. ఒడిశాలో కనీస వేతనంలోని కరువు భత్యం ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది. రేటు పక్కన "ఏ తేదీ నుంచి" అని ఒక గడి పెట్టి విడి ఫైలులో ఉంచండి. లేకపోతే కొత్త రేటు వేశాక పాత వారం చీటీ మళ్ళీ తీస్తే పాత లెక్క కూడా మారిపోయి కూర్చుంటుంది. అదే ఫైలులో ఆడ, మగ అని గడి మాత్రం పెట్టకండి. ఒకే పనికి ఒకే కూలి అని 1976లోనే చట్టం చేశారు. ఇప్పటి కనీస వేతనం ఎంతో పర్లాకిమిడిలోని జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో అడిగితే చెబుతారు.

చీటీ గురించి చెప్పాలి. నా దృష్టిలో ప్రోగ్రాం కంటే చీటీయే ముఖ్యం. ఇప్పుడు మీరు పేరు, మొత్తం మాత్రమే రాసి ఇస్తున్నారనుకుంటాను. అలా ఇస్తే తప్పు దొరికే దారి లేదు. ఆ ధాన్యం ఆమె చీటీ ఇలా ఉండాలి: వచ్చింది 8:00, వెళ్ళింది 5:50, తిండి 1 గంట, పని 8 గంటల 50 నిమిషాలు, మామూలు 8 గంటలకు 480, ఓటీ 50 నిమిషాలకు 100, మొత్తం 580. ఆమె వేళ్ళ మీద ఏ వరుసలో లెక్కపెట్టారో ఆ వరుసలోనే. మీ వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్న పిల్లలు ఎక్కువ కదా. అందుకని మాటలు రెండు లిపుల్లోనూ పెట్టండి, చదువురాని తల్లికి ఇంట్లో ఉన్న పిల్లలు చదివి చెబుతారు. "అదనపు కార్యకాలము" లాంటి మాటలొద్దు, ఓటీ అంటే చాలు. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోరాడింది, సవరల మధ్య తిరిగి వాళ్ళ భాషకు నిఘంటువు కట్టింది మీ పర్లాకిమిడిలో ఉండగానే. ఆ ఊళ్ళో పంచే కూలి చీటీ మనుషులు మాట్లాడుకునే మాటల్లో ఉండకపోతే ఎలా? మిల్లుకు సవరలు కూడా వస్తుంటే పైసలిచ్చేటప్పుడు చీటీ ఒకసారి చదివి వినిపించండి, వాళ్ళలో భాష తెలిసినవారు పక్కవాళ్ళకు చెబుతారు.

ఈ మార్పులు చేశాక వెంటనే ప్రోగ్రాం మీద ఆధారపడొద్దు. నాలుగు వారాలు చేత్తో కట్టిన లెక్కా ప్రోగ్రాం లెక్కా పక్కపక్కన పెట్టి చూడండి. తిన్నగా ఉన్న రోజులు చూసి లాభం లేదు. ఆలస్యంగా వచ్చిన రోజు, అర్ధరాత్రి దాటిన రోజు, ఒక్క పూటే చేసిన రోజు, సరిగ్గా 8 గంటలకే ఆపేసిన రోజు, ఏడు రోజులూ పనిచేసిన వారం, ఇవి చూడండి. మస్తరు పుస్తకం మాత్రం మానకండి. కరెంటు పోయినా, ల్యాప్‌టాప్ పాడైనా సాక్ష్యం అదే. అందులో తప్పు రాస్తే కొట్టివేసి పక్కన రాయండి, రబ్బరు పెట్టి చెరపొద్దు. కంప్యూటర్లో కూడా అంతే, పాత వరుసను మార్చకుండా దిద్దుబాటును కొత్త వరుసగా చేర్చండి.

ఇక వచ్చే శనివారం లోపల చేయాల్సింది ఒకటుంది. ఆమెకు 40 రూపాయలు ఇచ్చేసి ఊరుకోకూడదు. ప్రోగ్రాం వాడడం మొదలుపెట్టిన రోజు నుంచి మస్తరు తీసి, రెండు నెలల టైములూ మళ్ళీ కొట్టి, 14 మందికీ తిరిగి లెక్కగట్టండి. 14 మందికి రెండు నెలలంటే భయపడకండి, రెండు సాయంత్రాల పని. బాయిలర్ ఆయన లెక్క చేత్తో కట్టినా సరే, విరామం గంట కోసేసి ఉంటే అదీ తీయండి. తగ్గినవాళ్ళకు ఎంత తగ్గిందో జాబితా రాసి ఓనరుగారి ముందు పెట్టండి. తప్పు ప్రోగ్రాంలో జరిగిందని, దిద్దేశానని మీరే చెప్పండి. ఎక్కువ అందినవాళ్ళ దగ్గర తిరిగి అడగొద్దని నా మనవి. తప్పు వాళ్ళది కాదు, ఆ పదీ పరకా ఎప్పుడో ఖర్చైపోయి ఉంటుంది. తగ్గినవాళ్ళకు మాత్రం శనివారం చీటీలో మొత్తంలో కలిపేయకుండా "పాత బాకీ" అని విడిగా ఒక వరుస వేసి, ఏ వారానికి ఎంతో రాసి ఇవ్వండి. ఆ ధాన్యం ఆమెను ముందు పిలవండి.